సగం దించిన షట్టర్

మా బాపు కుడికంటికి శుక్లం తీసే ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, కంట్లో చుక్కల మందు కూడా వేశారు. అడ్డు తగిలింది రక్తపోటు ఒక్కటే.

వరంగల్ బజారులో మాది గిన్నెల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. పెళ్లయ్యాక నేను హనుమకొండలో ఉంటున్నాను. మడికొండ దగ్గర, కొలిచే పరికరాలను సరిచూసే ఒక ల్యాబులో పనిచేస్తాను. ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు, త్రాసులు మా దగ్గరికి వస్తాయి. పరికరం చూపే అంకెకూ ఉన్న విలువకూ మధ్య తేడా ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇవ్వడం నా పని. అందుకని బాపు రక్తపోటు విషయం నాకు కొత్త సమస్యలా అనిపించలేదు. అంకె ఎక్కువ చూపిస్తున్నదంటే దానికొక కారణం ఉంటుంది, కారణం దొరికితే అంకె దిగుతుంది అనుకున్నాను.

ఆపరేషన్ ఎందుకంత అవసరమో ముందు చెప్పాలి. మా దుకాణంలో గిన్నెలు అమ్మడం సగం పనే. కొన్నవాళ్ల పేర్లు గిన్నెల మీద కొట్టి ఇవ్వడం మిగతా సగం. పెళ్లికి బిందె పెట్టేవాళ్లు, గృహప్రవేశానికి గంగాళం పెట్టేవాళ్లు తమ పేరు దాని మీద ఉండాలని కోరుకుంటారు. పెన్నులాంటి చిన్న కరెంటు మిషను పట్టుకుని బాపు ఆ పేర్లను స్వయంగా రాస్తాడు. అక్షరం గుండ్రంగా, వరుస తప్పకుండా ఉంటుంది. పక్క వీధి దుకాణాల్లో గిన్నె కొని, పేరు మాత్రం మా దగ్గర కొట్టించుకునే వాళ్లు కూడా ఉన్నారు. ఈ పనిని ఆయన ఎవరికీ అప్పగించలేదు.

శుక్లం ముదిరాక ఒకరోజు ఒక అక్క, తన మేనకోడలి పెళ్లికి తీసుకున్న బిందె చేతపట్టుకుని తిరిగి వచ్చింది. బాపు ముందర దాన్ని పెట్టి, "సేటూ, ఇది నా పేరేనా? చీమలు కొట్లాడుకున్నట్టున్నది," అన్నది. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు, బాపు కూడా నవ్వాడు. కొత్త బిందె తీసి పక్క వీధి దుకాణంలో పేరు కొట్టించి ఇచ్చాడు. పాడైన బిందెను మాత్రం అటక మీద, వెనక వరుసలో పెట్టించాడు. ఆ సాయంత్రమే మిషను వైరు చుట్టి సొరుగులో పడేశాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "తింటాండు, పంటాండు, గిరాకీతోని మాట్లాడుతాండు. కనీ సొరుగు తియ్యడు," అన్నది.

అందుకే హనుమకొండలోని కంటి దవాఖానకు తీసుకుపోయాను. పొద్దున్నే రమ్మన్నారు కాబట్టి దుకాణం తెరవకుండానే బయలుదేరాం. ఆపరేషన్‌కు ముందు బీపీ చూసే గదిలో ఒక సిస్టర్ ఉంది. చిన్న వయసు, పని తెలిసిన మనిషి. బాపు చేతికి పట్టీ చుట్టింది.

"తాతా, చెయ్యి వదులుగ పెట్టు. మాట్లాడకు."

"మాట్లాడుత లేను బిడ్డా. మీదే ఊరు?"

"హసన్‌పర్తి."

"హసన్‌పర్తా? మా గిరాకీ అంత అటే. మీ ఇంట్ల పెండ్లేమన్న ఉన్నదా?"

"తాతా!"

పై అంకె నూట తొంభై నాలుగు వచ్చింది. సిస్టర్ దాన్ని పైకి చదివింది.

"గంతెందుకుంటది? జెర సూసి చెప్పు. నూట అరువై వేసుకో," అన్నాడు బాపు.

"ఇది బేరం కాదు తాతా."

"బేరం లేని సరుకు యాడుంటది బిడ్డా?"

వరండాలో కూర్చోబెట్టి మళ్లీ చూశారు. పెద్ద తేడా రాలేదు. పై అంకె నూట ఎనభైకి లోపలే ఉండాలనీ, ఇంత ఒత్తిడి ఉన్నప్పుడు కన్ను తెరిస్తే లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం ఉందనీ కంటి డాక్టరు నాకు వివరించాడు. ముందు ఫిజీషియన్‌కు చూపించమన్నాడు. ఇంటికి వస్తూ ఆటోలో బాపు అడిగిన ప్రశ్న ఒక్కటే: "గిప్పుడన్న పోతె బోణీ అయితదా?"

ఫిజీషియన్ మాత్ర మార్చాడు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలని, ఊరగాయ తగ్గించాలని, సాయంత్రం నడవాలని చెప్పాడు. నేను ఇంట్లో వాడుకునే బీపీ మిషను కొన్నాను. కొన్న మర్నాడే దాన్ని ల్యాబుకు తీసుకుపోయి ప్రామాణిక గేజీతో పోల్చి చూశాను. తేడా అనుమతించిన హద్దులోనే ఉంది. బాపు చెయ్యి లావు కాబట్టి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుందని తెలుసుకుని పెద్ద పట్టీ తెప్పించాను. పరికరంలో తప్పు లేదని రూఢి అయినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంత నిరాశే కలిగింది. పరికరాన్నయితే నేను సరిచేయగలను.

ఆ తర్వాత కొలవడం మొదలైంది. పొద్దున అమ్మ కొలిచేది, మధ్యాహ్నం నేను ఫోన్ చేసి మళ్లీ కొలవమనేదాన్ని, ఎక్కువ వస్తే ఇంకోసారి కొలవమనేదాన్ని. ఒక గిరాకీకీ ఇంకో గిరాకీకీ మధ్య, గల్లా పక్కన కూర్చునే, చొక్కా చేయి పైకి లాగి ఆయన చేయి చాపేవాడు. అంకె వినగానే ముఖం మారేది. పక్క గాజుల దుకాణం ఆయన, బాపుకు వరసకు బావ, గుమ్మంలో నిలబడి, "బావా, ఇయ్యాల ఏం రేటు పలుకుతాన్నవ్?" అని అడిగేవాడు. బాపు, "మార్కెట్ తేజీ ఉన్నది," అనేవాడు.

రెండోసారి దవాఖానకు పోయినప్పుడు అంకె నూట తొంభై. మళ్లీ పొద్దున్నే, మళ్లీ దుకాణం మూసే. మళ్లీ వెనక్కి.

ఆ రాత్రి భోజనాల దగ్గర బాపు, "ఇగ వద్దు బిడ్డా. ఒక కన్నుతోని ఎంతమంది బతుకుత లేరు," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. ఆ కన్ను పోతే ఆయనకు దుకాణం పోదు, గిరాకీ పోదు, పేరు కొట్టే చేయి మాత్రం పోతుందని మా ముగ్గురికీ తెలుసు. ఎడమకంట్లో కూడా శుక్లం మొదలైందని డాక్టరు అంతకు ముందే చెప్పి ఉన్నాడు.

మర్నాడు నేను మధ్యాహ్నం ఫోన్ చేస్తే అమ్మ, "మిషను లేదు," అన్నది.

"లేదంటే?"

"దాచిపెట్టిన. బియ్యం డబ్బల ఉన్నది. అది గుర్రుమంటె సాలు, ఆయన గుండె దడదడమంటాంది. నీకు అంకె కావాల్నా, మనిషి కావాల్నా?"

నేను ఫోన్ పెట్టేసి, అప్పటిదాకా వచ్చిన రీడింగులన్నీ ముందు పెట్టుకుని చూశాను. పరికరం చదువుతున్నది సరిగ్గానే చదువుతున్నది. కొలిచే పరిస్థితి మాత్రం ఏ రెండుసార్లూ ఒక్క తీరుగా లేదు. మా ల్యాబులో బయటి నుంచి వచ్చిన ఏ గేజీనీ వెంటనే కొలవం. ముందు దాన్ని గది వేడికి అలవాటు పడనిస్తాం. లారీలో ఎండకు వేడెక్కి వచ్చిన గేజీని వెంటనే పరీక్షకు పెడితే వచ్చే అంకె గేజీది కాదు, ప్రయాణానిది. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. దాన్ని మనిషికి వర్తింపజేయాలని నాకు తోచలేదు.

అమ్మనూ బాపునూ వెంటబెట్టుకుని మళ్లీ ఫిజీషియన్ దగ్గరికి పోయాను. ఆయన రీడింగుల కంటే ముందు, ఎట్లా కొలిచారో అడిగాడు. వీపు ఆనించి కూర్చున్నాడా, పాదాలు నేలకు ఆనాయా, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉందా, అంతకు ముందే చాయ్ తాగాడా, మూత్రానికి వెళ్లి వచ్చాడా. కొన్నింటికి అవుననీ కొన్నింటికి కాదనీ చెప్పాం.

"కొలిచే ముందు కాసేపు మాట్లాడకుండ కూర్చున్నరా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నిద్రల సుత మాట్లాడుతడు డాక్టర్ సాబ్," అన్నది అమ్మ. "గిన్నెల రేట్లు చెప్తడు."

డాక్టరు నవ్వలేదు. మాట్లాడుతూ ఉంటే అంకె పెరుగుతుందనీ, దవాఖానలో భయంతో ఇంకా పెరుగుతుందనీ, రెండూ కలిసినప్పుడు మందు ఒక్కటే సరిపోదనీ చెప్పాడు. మాత్రలు ఆపొద్దన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నిశ్శబ్దంగా కూర్చున్న తర్వాతే కొలవమన్నాడు. మధ్యలో అసలు వద్దన్నాడు. గాలి లోపలికి పీల్చిన దానికంటే బయటికి నెమ్మదిగా వదిలితే మేలని చేసి చూపించాడు.

బాపు అంతా విని బయటికి వచ్చాక, "దుకాణపోడు నోరు మూసుకుంటె గిరాకీ లోపలికొస్తదా?" అన్నాడు. ఆయన వాదనలో తప్పు లేదు. ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే ముందు ఊరు అడగాలి, తర్వాత ఇంట్లో శుభకార్యం అడగాలి, ఆ తర్వాత గిన్నె చూపించాలి. చిన్నప్పటి నుంచి ఆయనకు వచ్చిన పని అది. పట్టీ చుట్టే సిస్టర్ కూడా ఆయన లెక్కలో ఎదురుగా వచ్చి నిలబడిన మనిషే.

అయితే ఆయన మాట్లాడకుండా ఉండే వేళ ఏదైనా ఉందా? ఈ ప్రశ్న పట్టుకుని ఒక ఆదివారం పొద్దంతా దుకాణంలో కూర్చున్నాను. పుట్టి పెరిగిన చోటే అయినా, పరిశీలించాలని కూర్చోవడం అదే మొదటిసారి. సాయంత్రం దాకా బాపు నోరు ఆగలేదు. దీపాల వేళ లేచి, చేతులు కడుక్కుని, ఇనుప కొక్కెంతో షట్టర్‌ను సగానికి లాగాడు.

మా వీధిలో కొన్ని పాత దుకాణాల్లో ఈ పద్ధతి ఉంది. వీధి గాలికి దీపం ఆరకుండా షట్టర్ సగం దించి, దీపం పెట్టి, ఒక అగరబత్తి వెలిగిస్తారు. అది కాలి ముగిసేదాకా కొనడం, అమ్మడం, మాట్లాడడం ఏమీ ఉండవు. సగం దించిన షట్టర్‌ను చూసినవాళ్లు బయటి నుంచి కేక వేయరు. తెలియక వేసినా లోపలివాళ్లు పలకరు. దుకాణం మూసినట్టూ కాదు, తెరిచినట్టూ కాదు. నా చిన్నతనంలో ఆ వేళ నన్ను పైకి తరిమేవాళ్లు కాబట్టి, అది నాకు షట్టర్ చప్పుడుగానే గుర్తుంది.

బాపు గల్లా వెనక గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పాదాలు నేల మీద, చేతులు ముందున్న బల్ల మీద. డాక్టరు చెప్పిన భంగిమ ఒక్క వంకర లేకుండా అక్కడ ఉంది. కళ్లు మూసుకోలేదు, జపం చేయలేదు. ఊరికే పొగ వైపు చూస్తూ కూర్చున్నాడు. పొగ చివర సన్నబడుతున్నప్పుడు అమ్మ బియ్యం డబ్బాలోంచి మిషను తెచ్చింది. చప్పుడు లేకుండా పట్టీ చుట్టాను. నూట నలభై ఆరు.

అగరబత్తి ఆరిన తర్వాత బాపు లేచి షట్టర్ ఎత్తి, వీధిలోకి తొంగి చూసి, "రాండ్రి రాండ్రి," అన్నాడు.

ఆ వారమంతా సాయంత్రం ఆ వేళకే కొలిచాం. అంకె అక్కడక్కడే తిరిగింది. ఫిజీషియన్ చూసి, మందు పనిచేస్తున్నదనీ, ఆపరేషన్‌కు పోవచ్చుననీ రాసి ఇచ్చాడు.

ఈలోగా అదే ప్రయోగం నా మీద కూడా చేశాను. మడికొండ నుంచి కాజీపేట రద్దీ దాటి ఇల్లు చేరేసరికి, సర్టిఫికెట్ ఇంకా రాలేదని తిట్టిన వాళ్ల గొంతులు చెవుల్లో ఉండేవి. తలుపు తీసిన మా అమ్మాయి చెప్పే మొదటి మాట ఏదైనా, నా జవాబు ఆ గొంతులకు ఇవ్వాల్సిన జవాబుగా ఉండేది. స్కూటీ పెట్టాక వెంటనే పైకి పోకుండా మా అపార్టుమెంటు మెట్ల మీద కాసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటిరోజు కింది ఇంటామె, "ఏమైంది వదినా, తాళంచెవి మర్చినవా?" అన్నది. రెండోరోజు వాచ్‌మెన్ నీళ్లు తెచ్చాడు. మూడోరోజు పై ఇంటాయన మా ఆయనకు ఫోన్ చేసి, "మీ ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగాడు. మెట్లు పనికిరావని తేలింది. ఇప్పుడు ల్యాబులోనే, గేజీల మీద గుడ్డలు కప్పాక, ఫోన్ సొరుగులో పెట్టి కూర్చుంటున్నాను. అందువల్ల పని తగ్గలేదు, తిట్టేవాళ్లూ తగ్గలేదు. తలుపు తీసినప్పుడు మా అమ్మాయి చెప్పేది మాత్రం వినపడుతున్నది.

మూడోసారి దవాఖానకు ఫోన్ చేసి మధ్యాహ్నపు వేళ అడిగి తీసుకున్నాను. బాపు దుకాణం తెరిచాడు, బోణీ చేశాడు, గల్లా దగ్గర గాజుల దుకాణం బావను కూర్చోబెట్టి బయలుదేరాడు. అమ్మ ఆయన జేబులో వెలిగించని అగరబత్తి ఒకటి పెట్టి, మాతోపాటు వచ్చింది.

బీపీ గదిలో మళ్లీ అదే సిస్టర్ ఉంది. కాసేపు నిశ్శబ్దంగా కూర్చోనిచ్చి కొలవమని ఆమెను ముందే అడిగాను.

"తాత మాట్లాడకుండ ఉంటడా? ఉంటే మీ అందరికి నేనే చాయ్ తాగిపిస్త," అన్నది.

మూలన ఒక కుర్చీ, దాని ముందు ఆకుపచ్చ తెర ఉన్నాయి. బాపు వీపు ఆనించి కూర్చున్నాక, నేను తెరను సగం దాకా లాగి, "బాపూ, షట్టర్ సగం దించిన," అన్నాను.

ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. జేబులోంచి అగరబత్తి తీసి వేళ్ల మధ్య పట్టుకుని, చేతులు బల్ల మీద పెట్టాడు.

పక్క కుర్చీలో కంటికి పట్టీ కట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. తెర ఇవతలికి వంగి, "ఏ ఊరు పటేలా?" అన్నాడు.

బాపుకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లోకంలో లేదు. పెదవి కదిలింది. అంతే, మళ్లీ మూసుకుంది.

"ఓ పటేలా, నిన్నే. కండ్లతోపాటు చెవులు సుత పోయినయా?"

బాపు అగరబత్తి కొస వైపే చూస్తున్నాడు. అమ్మ ఆ పెద్దమనిషికి సైగ చేసింది. సిస్టర్ వచ్చి, ఏమీ అనకుండా పట్టీ చుట్టి మీట నొక్కింది. నూట యాభై ఎనిమిది. కాసేపాగి మళ్లీ చూసింది. నూట యాభై రెండు. కాగితం మీద రాసి, "పోదాం తాతా లోపలికి," అన్నది.

"ఎంతున్నది బిడ్డా?"

"నూట యాభై రెండు."

"గిప్పుడు జెర తగ్గియ్యరాదు?" అని నవ్వి, పక్క కుర్చీ వైపు తిరిగి, "మాది వరంగలే అన్నా. మీ ఇంట్ల పెండ్లేమన్న ఉన్నదా?" అన్నాడు.

లోపల కదలకూడదు, మాట్లాడకూడదు అని డాక్టరు చెప్తుంటే, "నాకెరుకే సార్, షట్టర్ దించి ఉన్నది," అన్నాడట. అగరబత్తిని గుమ్మం దగ్గరే సిస్టర్ తీసుకుంది. అది అమ్మ చేతికి తిరిగి వచ్చింది, వెనకనే చాయ్ కూడా వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. చుక్కల మందు, నల్లద్దాలు, తలకు నీళ్లు తగలనీయకపోవడం, వంగకపోవడం, అన్నీ చెప్పినట్టే జరిగాయి. డాక్టరు సరేనన్నాక బాపు మళ్లీ దుకాణంలోకి దిగాడు. గుమ్మంలో నిలబడి పై అరల నుంచి కింది అరల దాకా చూసి, "ఎన్ని దినాలసంది ఉన్నదే గీ దుమ్ము?" అన్నాడు. మధ్యాహ్నం దాకా దుమ్ము దులిపించాడు. ఇప్పుడు కొలిస్తే అంకె ఎంతుంటుందోనని నాకు అనిపించింది కానీ మిషను అడగలేదు.

తర్వాత అటక మీది బిందెను దించమన్నాడు. నేనే దించి ఇచ్చాను. దాన్ని వెలుతురులోకి తిప్పి, మెడ కింద తాను కొట్టిన పేరును చాలాసేపు చూశాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన అక్షరాల మీద బొటనవేలు నడిపించాడు.

"గిట్ల రాసిన్నా నేను?"

"ఊఁ."

"మరి ఎవ్వలు చెప్పకపోతిరి?"

"ఆ అక్క చెప్పింది కదా బాపూ, చీమలని."

"అది నవ్వుతాలకన్నదనుకున్న. గింత ఖరాబున్నదనుకోలె."

సొరుగు తీసి మిషను వైరు విప్పాడు. ఆ పేరుకు రెండో పక్కన, నున్నటి చోట, అదే పేరును మళ్లీ రాశాడు. చేయి మొదట కొంచెం తడబడింది, మూడో అక్షరం నుంచి వరుసలో పడింది. పాత పేరును చెరిపించలేదు. ఆ బిందె అమ్మకానికి పనికిరాదు. గల్లా పక్కన నీళ్లకు పెట్టుకున్నాడు.

దీపాల వేళకు నేను ఇంకా అక్కడే ఉన్నాను. బాపు కొక్కెంతో షట్టర్ సగం దించి, దీపం పెట్టి, అగరబత్తి వెలిగించి గోడకు ఆనుకున్నాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. వీధిలో ఆటోలు పోతున్నాయి. షట్టర్ కింది నుంచి రెండు కాళ్లు కనబడ్డాయి, కొత్త చెప్పులు. "సేటూ, ఉన్నరా? పేరు కొట్టిచ్చేదుండె," అని ఎవరో పిలిచారు. ఊరికి కొత్త అయి ఉండాలి.

జవాబివ్వబోయాను. బాపు నా వైపు చూశాడు. నా పెదవి కదలడం అంత దూరం నుంచి ఆయనకు కనబడింది. నోరు మూసుకున్నాను. ఆ కాళ్లు కాసేపు అక్కడే నిలబడి, పోకుండా, పక్క గాజుల దుకాణం అరుగు వైపు జరిగాయి. అగరబత్తి ఇంకా సగం దాకానే కాలింది.